మొదటి పేరాలో చిరునామా

2021 అక్టోబరు నాటికి నేను బర్ దుబాయ్‌లోని ఒక న్యాయ సలహా సంస్థలో డ్రాఫ్టింగ్ అధికారిని. కోర్టులకు సమర్పించే అఫిడవిట్లు, అంటే ప్రమాణపత్రాలు, రాయడం నా పని.

ఆ నెల అబుదాబీ ఎమిరేట్‌లోని రువైస్ నుంచి ఒక ఇంజనీరు వచ్చారు. పేరు రాయను. అమెరికాలో చదువుకునే రోజుల్లో చేసిన లైంగిక నేరానికి ఆయన జైలుశిక్ష పూర్తి చేశారు. నేరాన్ని ఆయన కాదనలేదు, నేను సమర్థించను. కొన్నేళ్లకు, ఆయనకు శిక్ష వేసిన రాష్ట్రం కొత్త చట్టం తెచ్చి, పాత దోషులను కూడా జీవితాంతం లైంగిక నేరస్థుల ఇంటర్నెట్ జాబితాలో పెట్టింది. నేరం నాటికి లేని శిక్షను తర్వాత వేయరాదని అక్కడి రాజ్యాంగం. ఆయన అక్కడ కేసు వేశారు. జాబితా శిక్ష కాదు, సమాచారమేనని ప్రభుత్వ వాదన. అది శిక్షేనని చూపడానికి, దానివల్ల పోయిన ఉద్యోగాల గురించి ఆయన ప్రమాణం చేయాలి.

అక్కడి లాయరు పంపిన నమూనాలో పేరుకు బదులు పొడి అక్షరాలే ఉన్నాయి, చిరునామా లేదు. నాకది అలసత్వంగా తోచింది. మా తాతగారి ఎస్టేటు పోయినా, ఆయన కచేరీ పద్ధతి నన్ను వదల్లేదు. తండ్రి పేరు, వయసు, వృత్తి, నివాసం లేని ప్రమాణపత్రం మా ఇంట ఎవరూ రాయలేదు. ఆయన పూర్తి పేరు, కంపెనీ పేరు, క్వార్టర్ నంబరుతో సహా మొదటి పేరాలోనే నింపాను. ఆయన నన్ను నమ్మి, చివరి పేజీ మాత్రం చూసి, నోటరీ ఎదుట సంతకం చేశారు. ఆ రోజే అక్కడ దాఖలైంది.

మర్నాడు తన ప్రతి చదువుకుని రువైస్ నుంచి కారులో వచ్చారు. వస్తూనే గది తలుపు మూశారు. కాగితం నా ముందు పెట్టి, మొదటి పేరా మీద వేలు పెట్టారు.

“మీ రాత మస్తున్నది సార్. ఇగ నన్ను దేవులాడనీకి మ్యాప్ గూడ అక్కర లేదు. కోర్టుల వేసిన్రా?”

వేశామన్నాను.

“మా కంపెనీ ముదీర్‌కు ఇది ఎరుక లేదు, చూస్తే ఖలాస్. బిడ్డ స్కూల్ల గూడ తెలుస్తది.”

అక్కడి కోర్టు కాగితాలు ఎవరైనా చూడవచ్చు. ఆ పత్రాన్ని మూసి ఉంచమని లాయరు అర్జీ పెట్టారు. ఉత్తర్వుకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఫోను మోగితే మొదటి గంటకే ఎత్తాను. ఆయనకు క్షమాపణ చెప్పాను. నాకు అలవాటు లేని పని అది.

ఈలోగా ఎవరు చూశారో తెలుసుకునే దారి లేదు. మేనేజరు పిలుస్తాడని ఆయన రెండు వారాలు ఎదురు చూశారు. పిలుపు రాలేదు. ఎదురుచూపు భరించలేక తానే రాజీనామా ఇచ్చి, కుటుంబంతో ఇండియా వెళ్లిపోయారు.

మరుసటి ఏడు కోర్టు తీర్పు చెప్పింది. పాత నేరస్థుల విషయంలో జాబితా శిక్షేనంది, ఆయన పేరు తీసేయమంది. తీర్పు ప్రతి ఆయనకు పంపితే, “అందింది” అని ఒక్క మాట జవాబు వచ్చింది.

ప్రమాణపత్రంలో ఏం ఉండాలో నాకు తెలుసు. దాన్ని ఎవరెవరు చదువుతారో అడగలేదు. పదవీ విరమణ దాకా మరెవరి నమూనానూ కారణం అడగకుండా దిద్దలేదు.