రంగు ముట్టని చేతులు

ముందు వినిపించేది రబ్బరు తెగే చప్పుడు. ఫట్. కాస్త ఆగి మళ్లీ, ఫట్. రామన్నపేట దాటి లోపలికి పోయే దారిలో, మగ్గాల గడగడల నడుమ, ఒక పెంకుటింటి వెనుక వాకిట్లోంచి అది చినుకులు మొదలైనట్టు వస్తుంది. ఆ పని గురించి రాసుకోవడానికి వచ్చిన మనిషికి తడిక దాటితే గానీ యాదమ్మ కనిపించదు. కాళ్లు చాపుకుని, ఎర్రరంగులో మునిగి ఆరిన నూలుకట్టను ఒళ్లో వేసుకుని, దానికి బిగించిన పాత సైకిల్ ట్యూబు పట్టీలను బ్లేడుతో కోస్తూ ఉంటుంది. పట్టీ ఊడిన చోటల్లా నూలు తెల్లగా కళ్లు తెరుస్తుంది.

ఇట్లా కట్టడాన్ని ఇక్కడ చిటికి కట్టడం అంటారు. నూలంతా ఒకటే, రంగు బాన ఒకటే. కట్టిన చోట రంగు దిగదు, కట్టని చోట దిగుతుంది. చీర మీది చిలకలూ ఏనుగులూ ఆ కట్లలోంచే పుట్టుకొస్తాయి. ఏ చిలక ముక్కు ఎక్కడ పడుతుందో యాదమ్మ వేళ్లకు తెలుసు. తల ఎత్తకుండా పనిచేస్తుందని వాడలో అందరూ మెచ్చుకుంటారు. ఎత్తితే ఎదురుగా కూతురి చేతులు కనిపిస్తాయని ఆమె వాళ్లెవరికీ చెప్పలేదు.

నిరుటి దాకా కూతురు శోభ గడప దగ్గర రాట్నం ముందు కూర్చుని కండెలు మాత్రమే చుట్టేది. రంగుల ఇంట్లో ఆమె చేతులే తెల్లగా ఉండేవి. గోళ్ల అంచుల్లో కూడా మరక ఉండేది కాదు. అంతకుముందు ఆ ఇంట్లో ఎరుపు కలిపేది శోభే. ఆమె కలిపిన ఎరుపు పండిన మిరపతోటలా ఉండేది.

తెలంగాణ వచ్చిన సంవత్సరం యాదమ్మ శోభను సొంత తమ్ముడు లక్ష్మీనర్సయ్యకిచ్చి పెళ్లి చేసింది. అక్క బిడ్డను మేనమామ చేసుకోవడం వాళ్లలో హక్కు లాంటిది. యాదమ్మదీ మేనబావతో జరిగిన పెళ్లే. "నా బిడ్డ నా వాకిట్లనే ఉంటది, నా తమ్ముడు నా మగ్గం మీదనే ఉంటడు" అని వాడంతా తిరిగి చెప్పుకుంది.

శ్రీవాణి పుట్టింది. పాకే వయసుకు ఆ పిల్ల పెదవులు నిమ్మపండు రంగుకు తిరిగాయి. చూడవచ్చిన పక్కింటి గుర్వమ్మ ముక్కున వేలేసుకుంది.

"కడుపుతోని ఉండి మోచేతుల దాంక రంగుల ముంచితివి కదనే శోభా. నీ బిడ్డ రక్తంల ఉన్న రంగంత ఆ బానల్నే కలిసిపోయింది."

శోభ ఆ పూటే సబ్బుతో, తర్వాత బూడిదతో, ఆఖరుకు ఇటుకపొడితో చేతులు రుద్దుకుంది. మళ్లీ బాన ముట్టలేదు.

గుర్వమ్మ మాట అన్నప్పుడు యాదమ్మ అక్కడే ఉంది. ఆమెకు ఆ క్షణంలోనే నరహరి గుర్తొచ్చాడు. శోభకంటే ముందు పుట్టిన కొడుకు. వాడూ ఇట్లాగే పాలిపోయి, కడుపు ఉబ్బి, నడక పూర్తిగా రాకముందే పోయాడు. అప్పటికి ఆ ఇంట్లో రంగు బానే లేదు. తెల్ల ధోతులు నేసేవాళ్లు. రంగుల పాపం కాదని యాదమ్మకు తెలుసు. నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాట అంటే తర్వాతి ప్రశ్న, మరి ఎవరి పాపమని. నోరు మూసుకుంది.

పట్నంలో పెద్ద దవాఖానలో మొదటి ఏడాదే డాక్టరు వివరంగా చెప్పాడు. ఇది తలసీమియా. తల్లి దగ్గర సగం, తండ్రి దగ్గర సగం దాగి ఉంటుంది. రెండు సగాలూ ఒక బిడ్డలో కలిస్తే రక్తం నిలవదు. దగ్గరి రక్తంలో పెళ్లిళ్లయితే కలిసే అవకాశం ఎక్కువ. యాదమ్మ అంతా విని ఇంటికొచ్చి, "రక్తం తక్కువున్నదంట, ఎక్కించుకుంట ఉండాలంట" అని మాత్రం చెప్పింది. అప్పటినుంచి శ్రీవాణిని రక్తం ఎక్కించడానికి తీసుకుపోయేది ఆమే. అమ్మమ్మ ఎంత కష్టపడుతుందో అని వాడ జాలిపడేది. శోభ ఆ గుమ్మం తొక్కకుండా కాపలా కాస్తున్నానని యాదమ్మకు ఒక్కదానికే తెలుసు.

నిరుడు వానాకాలం ఆ దవాఖానకు ఉష అనే కొత్త డాక్టరమ్మ వచ్చింది. శ్రీవాణి చేతికి రక్తం బొట్లు బొట్లుగా దిగుతుంటే, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"అమ్మా, కొత్త వైద్యం ఒకటి వచ్చింది. చెప్తా, వింటావా?"

"చెప్పు బిడ్డా."

"మన ఒంట్లో ప్రతి కణంలో అవే జన్యువులు ఉంటాయి. కంట్లో అవే, చర్మంలో అవే. కానీ ఒక్కోచోట కొన్నే పనిచేస్తాయి. మిగతావి మూసుకుని ఉంటాయి."

యాదమ్మ కొంచెం ముందుకు జరిగింది. "కట్టేసినట్టు?"

"అట్లే అనుకో. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తానికి వేరే జన్యువు పనిచేస్తుంది. శ్రీవాణికి అది మంచిగనే ఉంది. కానీ పుట్టినంక అందరికీ అది మూసుకుపోతుంది. మూసేది ఇంకో జన్యువు. దాన్ని తీసేద్దామంటే, అది మెదడుకు కావాలి, వేరే చోట్ల కూడా కావాలి. అందుకని దాన్ని ముట్టరు. దానికి రక్తం తయారయ్యే కణాల్లో మాత్రమే పనిచేసే మీట ఒకటి ఉంది. ఆ కణాలను బయటికి తీసి, ఆ మీట ఒక్కటి కోసి, మళ్లీ ఒంట్లోకి పంపుతారు. అప్పుడు రక్తంలో ఒక్కచోటే ఆ మూత వదులవుతుంది."

"కడుపుల ఉన్నప్పటి రక్తం మళ్ల పారుతదా?"

"పారుతుంది."

యాదమ్మ మనవరాలి మెడ మీద నీలి నరాన్ని చూస్తూ ఉండిపోయింది. ఆ సన్నటి ఒంట్లో ఎన్ని కట్లో, ఎవరు కట్టారో, ఎక్కడా ఒక్క నూలుపోగు తప్పకుండా. "మా పిల్లకు చేస్తరా?"

"ఇతర దేశాల్లో మొదలైంది. మన దగ్గరికి ఇంకా రావాలి. వచ్చేదాకా పిల్లను మంచిగ కాపాడుకోవాలి." డాక్టరమ్మ లేస్తూ అంది, "వచ్చే నెల తల్లినీ తండ్రినీ తీసుకురా. వాళ్లతో మాట్లాడాలి, వాళ్ల రక్తం చూడాలి. తల్లి ఒక్కసారి కూడా రాలేదట, ఎందుకు?"

"పని బిడ్డా. మగ్గం పని."

రైలు రామన్నపేట వైపు పోతుంటే ఎండ బోగీలోకి వచ్చి కూర్చుంది. కొత్త రక్తంతో శ్రీవాణి చెంపలు వెచ్చగా ఉన్నాయి. రక్తం ఎక్కిన రోజున ఆ పిల్ల నోరు ఆగదు.

"అమ్మమ్మా, నువ్వు మా నాయినకు అక్కవు కదా. మరి నాకు అమ్మమ్మవా, మేనత్తవా?"

"రెండూ నేనేనే."

"అయితే నాకు రెండు చాక్లెట్లు కొనియ్యాలె."

"ముసల్దాన్ని చేసి దోస్తున్నవే నన్ను." యాదమ్మ నవ్వబోయింది, నవ్వు రాలేదు.

పిల్ల కిటికీ చువ్వకు బుగ్గ ఆనించింది. "అమ్మ ఎందుకు దవాఖానకు రాదో నాకు తెలుసు. డాక్టర్లు కొడతరని భయం."

"ఎందుకు కొడతరు?"

"నా రక్తాన్ని కరాబు చేసింది తనే అంట. రంగుల చేతులు పెట్టిందంట. నాకు చెప్పి ఏడ్చింది. నేను ఏమనలే అమ్మమ్మా. పోనీలే అన్న."

రామన్నపేట స్టేషన్ వచ్చేదాకా యాదమ్మ పిల్ల చెయ్యి పట్టుకునే కూర్చుంది. తను మూసిన నోటి కింద నలిగేది కూతురొక్కతే అనుకుంది ఇన్నాళ్లూ. మనవరాలు కూడా ఉంది. ఇంత చిన్న పిల్ల తల్లిని క్షమిస్తోంది, తల్లి చేయని తప్పుకు.

మరునాడు పొద్దున లక్ష్మీనర్సయ్య నూలు తేవడానికి పోయాడు. శోభ రాట్నం తిప్పుతోంది. యాదమ్మ వచ్చి రాట్నం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"ఏందమ్మా?"

"రంగుల వల్ల కాదు."

"ఏంది రంగుల వల్ల కానిది?"

"పిల్ల బీమారి. నీ చేతులల్ల ఏం లేదు. నీకంటె ముందు నాకు కొడుకు పుట్టిండు. గట్లనే పాలిపోయి పోయిండు. అప్పుడు మనింట్ల రంగే లేదు. మన రక్తంలనే ఉన్నది బిడ్డా. నీల సగం, మీ మేనమామ రక్తంల సగం. నేనే రెండూ తెచ్చి ఒక్కతాన కలిపిన. పెండ్లప్పుడు నాకు ఎర్క లేదు. తర్వాత డాక్టరు చెప్పిండు. ఎర్కయినంక కూడ నీకు చెప్పలే."

శోభ చాలాసేపు తన చేతులను చూసుకుంది. ఎవరివో అన్నట్టు చూసింది.

"ఎప్పటి సంది ఎర్క?"

"పిల్ల నడక నేర్వక ముందు సంది."

"నేను ఇటుకపొడితోని రుద్దుకుంటుంటే నీళ్లు పోసింది నువ్వే కదనే అమ్మా."

అవును, చెంబుతో నీళ్లు పోసింది యాదమ్మే. చర్మం లేచిపోయి ఎర్రటి నీళ్లు కాలువలోకి పారుతుంటే చూస్తూ పోసింది.

"వాని పేరేంది?" శోభ అడిగింది. "పోయిన పిలగాని పేరు."

"నరహరి."

శోభ ఆ పేరును ఒకసారి పెదవుల మీద పలికి చూసి, లేచి లోపలికి పోయి తలుపేసుకుంది.

మరుసటి నెల శోభా లక్ష్మీనర్సయ్యా పిల్లా ముగ్గురూ రైలెక్కారు. వాకిట్లో యాదమ్మ ఒక్కతే మిగిలింది. మేనరికం గురించి తల్లిని శోభ ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండేదని యాదమ్మ అనుకుంటుంది. శోభ అన్నం పెడుతుంది, మందులు ఇస్తుంది, "తిన్నవా" అని అడుగుతుంది. అంతకు మించి మాట లేదు. కానీ దవాఖాన నుంచి వచ్చిన వారానికి ఆమె రంగు బాన మూత తీసింది. ఇప్పుడు ఆ ఇంటి తీగ మీద ఆరే నూలు మళ్లీ మిరపతోటలా ఉంది. శోభ మణికట్ల దాకా ఎరుపు.

ఇదంతా రాసుకోవడానికి వచ్చిన మనిషి సెలవు తీసుకుంటుంటే, యాదమ్మ బ్లేడు పక్కన పెట్టి, తడిక దాకా వచ్చి, గొంతు తగ్గించింది.

"పొయ్యేటప్పుడు ఆ బాన కాడ జర ఆగు బిడ్డా. గా ఎరుపు ఎట్ల కలుపుతవని శోభను అడుగు. నీతోనయితే చెప్తది. గట్టిగ చెప్పమను, నాకు గీడికి ఇనపడాలె. నేను అడగమన్న అని మాత్రం అనకు."