ఎదురు రాని మలుపులు

మొన్న తిరుమల నుంచి దిగే బస్సులో బ్రేకులు కాలిన వాసన వచ్చింది. పక్కనున్నవాళ్లు ముక్కు మూసుకున్నారు. నాకు మునిరత్నం మామ గుర్తొచ్చాడు. ఆయన పోయి నాలుగు నెలలు. మా పక్కింటాయన. ముప్పై ఏళ్లు కొండకు బస్సు నడిపి, ఒక్క ప్రమాదం లేకుండా రిటైరయ్యాడు. ఆ మాట ఎవరు కలిసినా చెప్పేవాడు. నేను కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరిన కొత్తలో నాకు కారు నేర్పింది ఆయనే. "స్టీరింగును అట్ల కౌగిలించుకోవద్దప్పా, అదేం పారిపోదు" అనేవాడు.

రెండేళ్ల కిందట ఇద్దరం శ్రీలంక చూడ్డానికి వెళ్లాం. అక్కడ బండి నడపడానికి అనుమతి పత్రాలు తీసుకుని కారు అద్దెకు మాట్లాడుకున్నాం. మామే నడిపాడు. కొలంబోలో ఒక ముసలమ్మ జీబ్రా గీతల మీద కాలు పెట్టగానే కార్లన్నీ ఆగిపోయాయి. "సూడప్పా, మన ఊర్లో అయితే ఆయమ్మ సాయంత్రం దాకా నిలబడాల్సిందే" అన్నాడు. ఆ తర్వాత ఏ గీతలు కనిపించినా, మనిషి లేకపోయినా, వేగం తగ్గించాడు. కొత్త నియమాల దగ్గర ఆయన జాగ్రత్తగానే ఉన్నాడు. తప్పు జరిగింది తనకు బాగా తెలుసనుకున్న చోట.

తేయాకు కొండల్లో ఒక మలుపు దగ్గర మామ రోడ్డంతా తీసుకుని తిప్పాడు. ఎదురుగా ఆటో వచ్చింది. మమ్మల్ని తప్పించబోయి పక్క కాలువలోకి ఒరిగింది. నడిపే అతని చెయ్యి విరిగింది. మామ తన తుండుతో ఆ చేతికి కట్టు కడుతుంటే నేను మెల్లగా అన్నాను: "మామా, బండ్లు తగల్లేదు కదా. ఆయనే వేగంగా వచ్చినాడని చెప్తాం. సూసినోళ్లు ఎవురూ లేరు."

ఆయన తలెత్తలేదు. "మన కొండకు ఎక్కే దావ వేరు, దిగే దావ వేరు. ముప్పై ఏండ్లు మలుపులో నాకు ఎదురొచ్చినోడే లేడప్పా. అది నా పనితనం అనుకున్నా."

పోలీసులు వచ్చాక, మా చిత్తూరు వైపు తమిళంలో, తప్పు తనదేనని చెప్పాడు. వాళ్లు ఆయన అనుమతి పత్రం తీసేసుకున్నారు. తాళం నా చేతిలో పెట్టి వెనక సీట్లో కూర్చున్నాడు.

ఊరికొచ్చాక ఆ పాత మాట మళ్లీ ఆయన నోట వినలేదు. ఎవరైనా "ఒక్క ప్రమాదం కూడా లేదంట కదా" అంటే, "ఒకటుండాది" అని ఆ ఆటో అతని పేరు చెప్పేవాడు.

నా క్లాసులో అందరూ పాసయ్యారని ఎవరైనా మెచ్చుకుంటే ఇప్పుడు వెంటనే సంతోషించలేను. ఇందులో నాకు ఎదురైన కష్టం ఏముందని వెతుక్కుంటాను. చాలాసార్లు ఏమీ కనపడదు.