మేనత్తతో చూసిన ఇంగ్లీషు సినిమా

మొన్న మీర్‌పేటలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మనవరాలు టీవీలో ఏదో వెతుకుతుంటే ఒక నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా కంటబడింది. పొగమంచులో నడిచి వస్తున్న ఆ కథానాయికను చూడగానే చేతిలోని టీ కప్పు పక్కన పెట్టి, ఛానల్ మార్చవద్దని బతిమాలుకున్నాను. మన ఈడువాళ్ళకు ఇలాంటి సినిమా ఒక్కటైనా ఉండే ఉంటుంది, కథకన్నా చూసిన రోజే ఎక్కువ గుర్తుండిపోయేది.

నేను ఇబ్రహీంపట్నంలో డిగ్రీ రెండో సంవత్సరం చదివేటప్పుడు, విక్టోరియా రాణి కాలంనాటి లావుపాటి నవల ఒకటి మాకు పాఠంగా ఉండేది. దాని ఆధారంగా తీసిన పాత సినిమా నగరంలో ఆదివారం మార్నింగ్ షో వేస్తున్నారని తెలిసి, మా ఇంగ్లీషు మేడమ్ ఆడపిల్లలందరినీ తీసుకువెళ్తానన్నారు. తోడు లేనిదే పంపనన్నాడు మా బాపు. అప్పటికే నాకొక సంబంధం దాదాపు ఖాయమైంది, వాళ్ళు వచ్చే వారం మాటలకు రానున్నారు, నా చదువు అక్కడితో సరి అని ఇంట్లో అందరికీ తెలుసు, నాతో ఎవరూ అనకపోయినా. పోనీ, ఇదొక్క సరదా తీరనీ అనుకున్నాడేమో, మా మేనత్తను తోడిచ్చాడు. బాపుకు అక్క ఆమె. చిన్నవయసులోనే భర్త పోతే మా ఇంటికి వచ్చి, పొలం పనులన్నీ తన మీద వేసుకున్న మనిషి. చదువుకోలేదు. సాగర్ రోడ్డు బస్సులో కొంగున కట్టుకొచ్చిన పల్లీలు మేడమ్‌తో సహా అందరికీ పంచి, థియేటర్‌లో నా పక్కన కూర్చుంది.

తెరమీద ఎవరు నోరు తెరిచినా ఏమంటున్నారని అడిగేది. గైడు ముందు పెట్టుకుని నవల చదివిన నాకు ఆ దొరల యాస ఒక్క ముక్క అంతుబట్టలేదు. నేనేదో కల్పించి చెబుతుంటే కాసేపు విని, "నువ్వు ఊకో. నేను చెప్త, ఇను" అన్నది. నిజంగానే ఆ తర్వాత కథ ఆమే నాకు చెప్పింది. గుర్రాన్ని బాగా సాకారని మెచ్చుకుంది, ఇంత వాన పడే చోట వరి వేయరేమని బెంగపడింది. తల్లిదండ్రులు లేని ఆ పిల్లను మేనమామ ఒక కలిగినవాడికి కట్టబెట్టబోతున్నాడని మా అందరికన్నా ముందే పసిగట్టింది.

భోజనాల బల్ల దగ్గర ఆ మేనమామ పెళ్ళి మాట బయటపెడతాడు. నవలలో పేజీలకు పేజీలు నడిచే ఆ ఘట్టంలో, సినిమా తీసినాయన ఆ పిల్లకు ఒక్క మాట పెట్టలేదు. గోడ గడియారం చప్పుడు వినిపిస్తూ ఆమె ముఖమే చూపిస్తూ ఉండిపోయాడు. అన్ని పేజీలూ ఒక ముఖంలో ఇమిడిపోవడం చూసి నేను తెల్లబోయాను. పక్కకు తిరిగితే మా మేనత్త పల్లీలు నమలడం ఆపేసి ఉంది.

ఇల్లు చేరగానే మా మేనత్త కాళ్ళు కడుక్కుని, పేపరు చదువుతున్న బాపు ఎదుట కూర్చుంది.

"తమ్మీ, పిల్లను ఒక్కసారన్న అడిగినవా?"

అడిగేదేముంది, మంచి సంబంధం కదా అన్నాడు బాపు.

"నన్ను గూడ ఎవ్వలు అడగలే. దీన్నన్న అడుగు. నేనీడనే కూసుంట."

బాపు పేపరు మడిచాడు. నీ మనసులో ఏముందని నన్నడగడం ఆయనకెంత కొత్తో, చెప్పడం నాకంత కొత్త. "డిగ్రీ అయినంక చేసుకుంట బాపు" అని నేలను చూస్తూ అన్నాను. బాపు రెండు రోజులు ముభావంగా తిరిగి, మూడోనాడు ఇప్పుడే పెళ్ళి చేయమని ఆ సంబంధం వాళ్ళకు కబురు పంపాడు. డిగ్రీ అయింది, బీఎడ్ అయింది, మా ఊరి బళ్ళోనే ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పాను. నా పెళ్ళీ నన్ను అడిగే చేశారు. ఆ అడిగే పని మాత్రం మేనత్త ఎవరికీ వదలలేదు.

ఆమె పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మా ఊరి ఆడపిల్లలు కాలేజీ బస్సులు ఎక్కి పోతుంటే, వాళ్ళనడగనిదే ఇళ్ళలో సంబంధాల మాటే ఎత్తరని వింటుంటే కడుపు నిండినట్టుంటుంది. ఏ దేశపు సినిమా అయినా ఇంట్లోకే వస్తోంది, కింద తెలుగు అక్షరాలూ పడుతున్నాయి, ఎవరికీ ఏదీ అర్థం కాకపోవడమన్నది లేదు. అంతా మంచికే. కాకపోతే, ఏమంటున్నారని పక్కవాళ్ళ చెవిలో అడిగే పనే లేకుండా పోయింది.