మినారు మీది గుడ్డు

మట్టి మసీదుకి ఏటా జరిగే పూత పండగ అది. నడిమి మినారు కొన మీద ఉండే నిప్పుకోడి గుడ్డు గాలివానకి పగిలిపోయింది, కొత్తది నిలబెట్టాలి. దాని కింద పెట్టే మట్టిని తడపడానికి తొలి కుండ నీళ్ళు బానీ నది నుంచి ఒక ఆడమనిషి తేవాలి. గుడ్డంటే సంతానం కాబట్టి ఆవిడ పిల్లల తల్లి అయ్యుండాలని ఆనవాయితీ.

సజ్జ బూరెలమ్మే నియామోయ్ పొద్దున్నే కుండ నింపుకొచ్చి ఆడవాళ్ళ వరసకి ముందు నిలబడింది. కడుపు పండలేదని ఇన్నేళ్ళూ వరస చివరికి నెట్టించుకున్న మనిషి, ఈ ఏడు మొండికేసింది.

"ఏమే, దారి తప్పొచ్చావా? ఇది బూరెల బేరం కాదు," అంది ఆడవాళ్ళ పెద్ద జెనెబా. "గొడ్రాలి నీళ్ళు పోస్తే గుడ్డు నిలుస్తుందా?"

ఆ మాటకి నవ్వినవాళ్ళ నోళ్ళు పడిపోను!

నియామోయ్ కుండ దించలేదు. "అక్కా, నువ్వు గుడ్డునే చూశావు. నేను మా నాన్నతో మేకలు కాస్తూ నిప్పుకోడి గూడు చూశాను. నాలుగైదు పెట్టలు ఒకే గుంటలో గుడ్లు పెట్టేసి వాటి దారిన అవి పోతాయి. ఒక్క పెట్ట కూర్చుని అన్నిటినీ పొదుగుతుంది. ఎవరి గుడ్డని అడగదు. మసీదు నెత్తిన గుడ్డు పెట్టిన పెద్దలు కన్నవాళ్ళని తలుచుకున్నారో, పొదిగినవాళ్ళని తలుచుకున్నారో నువ్వే చెప్పు."

అంతలో గోడలోంచి పొడుచుకొచ్చిన దూలాల మీంచి జెనెబా కొడుకు కోమూసా చకచకా దిగాడు. గుడ్డు నిలబెట్టే మేస్త్రీ అతనే. ఒంటినిండా బురదతో వచ్చి నియామోయ్ వెనక నిలబడ్డాడు.

"నువ్వు జబ్బుపడి మంచం మీదున్న రెండేళ్ళూ నన్ను పొదిగిందెవరమ్మా?" అన్నాడు తల్లితో.

అతని వెనక ఇంకొకడు చేరాడు. చంకలో బిడ్డతో ఒక అమ్మాయి వచ్చింది. తల్లి పోయినవాళ్ళు, తండ్రి వదిలేసినవాళ్ళు, బూరెల వాసనకి వచ్చి ఉండిపోయినవాళ్ళు, ఒక్కొక్కరే కదిలారు. వెనక్కి తిరిగి చూసి నియామోయే బిత్తరపోయింది. ఇంతమందా!

జెనెబా కళ్ళు చెమర్చాయి. "ఇలా రావే, కుదురు సరిగ్గా పెట్టుకోలేదు, నీళ్ళు ఒలికిపోతాయి," అని కుండ దించి, చుట్టకుదురు సర్ది, మళ్ళీ తన చేతులతోనే ఆమె నెత్తికెత్తింది. "నడు. నేను వెనకొస్తా."

డోళ్ళు మోగాయి. ఎండెక్కేసరికి కొత్త గుడ్డు మినారు కొన మీద తెల్లగా మెరిసింది.

"అమ్మా! నిలబడింది!" పైనుంచి కోమూసా కేక వేశాడు.

జెనెబా నియామోయ్ వీపు మీద ఒకటి చరిచింది. "పలకవేం? నిన్నే పిలుస్తున్నాడు."