పిట్టల లెన్సుతో చల్లపల్లి పెళ్ళి

మా కళ్ళజోళ్ళ షాపుకి మంగళవారం సెలవు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆ షాపులో ఆరు రోజులు జనం చేత గోడ మీది అక్షరాలు చదివించి, ఏడో రోజు కెమెరా పట్టుకుని పిట్టల వెంట పడటం నా అలవాటు. రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక డిజిటల్ కెమెరా, దానికి మోచేతి పొడవున్న ఒక లెన్సు కొన్నాను. ఈసారి హంసలదీవి వెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసే చోట పక్షుల్ని తీయాలని బయల్దేరాను. చేరలేదు. ఎందుకు చేరలేదో చెబుతాను. దారి మాత్రం సరైనదే కాబట్టి, వెళ్ళాలనుకునే వాళ్ళకి ఇదీ పనికొస్తుంది.

తెల్లవారుజామున ఐదుంపావుకి బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కాను. ఎడమవైపు కిటికీ పట్టుకోండి. ఉయ్యూరు దగ్గర చెరకు తోటల మీదుగా సూర్యుడు ఆ వైపే పైకొస్తాడు. పక్క సీటులో పెద్దాయన ఒకరు నా ఒళ్ళోని బ్యాగు వైపు కంకిపాడు నుంచీ చూస్తూనే ఉన్నారు.

"ఏ ఛానెలమ్మా?" అన్నారు చివరికి.

"ఛానెల్ కాదండీ. పిట్టల్ని ఫోటోలు తీస్తాను."

"తీసి?"

"చూసుకుంటానండీ."

ఆయన పామర్రు దాకా ఆలోచించి, "ఇంట్లో వాళ్ళకి తెలుసా?" అని అడిగారు.

ఏడుంపావుకి చల్లపల్లి. టీకి పది నిమిషాలు ఆపుతామన్నాడు కండక్టర్. బ్యాగు భుజాన వేసుకుని దిగి, రోడ్డు పక్క హోటల్లో ఇడ్లీ చెప్పాను. వేడివేడి ఇడ్లీ, కారప్పొడి, పైన నెయ్యి. రెండో ముక్క నోట్లో పెట్టుకుంటుండగా ఎదురుగా కాలువ మీది తీగ మీద లకుముకి పిట్ట వాలింది. నీలం రెక్కలు, తన ఒంటికి మించిన ముక్కు. పదకొండు నెలలుగా నేను వెతుకుతున్నది ఒకే ఒక్క ఫోటో, చేపని ముక్కున పట్టుకున్న లకుముకి. చెయ్యి కడుక్కోకుండానే కెమెరా తీశాను. నేను కాలువ గట్టు మీద బోర్లా పడుకున్నాక బస్సు హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. వెళ్ళిపోయింది.

తొమ్మిదిలోపు ఆ పిట్ట ఏడుసార్లు మునిగింది. ఏడోసారి చేపతో లేచింది. కెమెరా స్క్రీన్ మీద చూసుకుంటే చేప అడ్డంగా, దాని తోక నుంచి జారుతున్న నీటిచుక్కతో సహా పడింది. గట్టు మీద ఒక్కదాన్నే పకపకా నవ్వాను.

అప్పుడే వెనక స్కూటర్ ఆగింది. తెల్లచొక్కా జేబుకి రోజా పువ్వు గుచ్చుకున్న మనిషి, యాభై అయిదేళ్ళుంటాయి, చెమటలు కారుతున్నాయి.

"మేడమ్ గారూ, మిమ్మల్ని పంపించారా అండీ?"

"ఎవరండీ?"

ఆయన పేరు ఏసురత్నం. ట్రాక్టర్ మెకానిక్కు. పదింటికి కూతురు సువార్త పెళ్ళి, ఊరి చివర చర్చిలో. ఒప్పుకున్న ఫోటోగ్రాఫర్ ఉదయమే బండి మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడట.

"నేను పిట్టల్నే తీస్తానండీ. మనుషుల్ని ఎప్పుడూ తీయలేదు," అన్నాను.

"మా అమ్మాయి కూడా పిట్టలాగే ఉంటుందండీ. రండి."

"అందరి దగ్గరా ఫోన్లు ఉంటాయి కదండీ?"

"ఫోను ఫోటోకి ఎవరైనా ఫ్రేము కడతారా అమ్మా?" అని, ఒక్క క్షణం ఆగి కాలువ వైపు చూశాడు. "మా పెళ్ళికి ఫోటోగ్రాఫర్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తీశాడండీ. తీరా చూస్తే లోపల రీలు వెయ్యలేదు. మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది. మేమిద్దరం పక్కపక్కన నిలబడిన ఫోటో ఒక్కటి లేదు."

కెమెరా బ్యాగులో పెట్టుకున్నాను. స్కూటరెక్కాను. దారిలో ఆయన వెనక్కి తిరిగి, "మీ దాంట్లో రీలు ఉందా?" అన్నాడు.

నా లెన్సు సంగతి ఆయనకి చెప్పే ధైర్యం రాలేదు. అది దూరాన ఉన్నదాన్ని దగ్గర చేసి చూపించేది. పదిహేను అడుగుల దూరం నుంచి పెళ్ళికొడుకుని చూస్తే మీసం ఒక్కటే కనిపిస్తుంది. వాళ్ళిద్దరూ ఒక ఫోటోలో పట్టాలంటే నేను చర్చి బయట, రోడ్డు అవతల నిలబడాలి. అక్కడే నిలబడ్డాను. తలుపుల్లోంచి లోపలి దాకా నేరుగా కనిపిస్తోంది. పెళ్ళికొడుకు మేనమామ బయటికొచ్చి అనుమానంగా చూశారు.

"అంత దూరం నుంచా?"

"సిటీలో ఇప్పుడు ఇలాగే తీస్తున్నారండీ. దగ్గరకొచ్చి తీయడం పాతబడిపోయింది," అన్నాను, కళ్ళార్పకుండా. కళ్ళజోళ్ళు అమ్మేవాళ్ళకి ఆ విద్య వస్తుంది. ఐదు నిమిషాల తర్వాత ఆయనే ఎవరితోనో, "హైదరాబాదులో అంతా ఇదేనయ్యా," అని చెప్పడం వినిపించింది.

పదిన్నరకి పెళ్ళికూతురు తెల్లచీర, మేలిముసుగుతో వచ్చింది. సన్నగా, చురుగ్గా, నిజంగానే పిట్టలాగే ఉంది. పాస్టర్ గారి ప్రార్థన సాగుతుండగా కెమెరా హెచ్చరించింది. కార్డు నిండిపోతోంది! పొద్దుటి నుంచి కొట్టినవన్నీ అందులోనే ఉన్నాయి. రోడ్డు మీద నిలబడి, చేప ఉన్న ఒక్కటీ ఉంచుకుని మిగతా లకుముకులన్నిటినీ తుడిచేశాను.

తల ఎత్తేసరికి సూత్రం కట్టే వేళయింది. సరిగ్గా అప్పుడే మేనమామ గారు ఫోను పైకెత్తి నడవ మధ్యలో నిలబడ్డారు. నా కెమెరాలో ఆయన వీపు తప్ప ఏమీ లేదు. కేకేద్దామంటే లోపల ప్రార్థన. చెప్పులు రోడ్డు మీదే వదిలేసి పరిగెత్తాను. పక్క వరసలోంచి దూరి, ఆడవాళ్ళ మోకాళ్ళు దాటుకుంటూ స్తంభం పక్కన ఆగాను. మరీ దగ్గరైపోయింది. పెళ్ళికొడుకు లేడు, పెళ్ళికూతురు లేదు. ముడి వేస్తున్న రెండు చేతులు, ఒక చెవి, ఆ చెవి పక్కన బయటపడబోయి ఆపుకున్న ఒక నవ్వు. కనిపించినంత మేరకే కొట్టాను.

"రీలు తిరుగుతోందా అమ్మా?" వెనక నుంచి ఏసురత్నం గుసగుస.

అసలు చిక్కు గ్రూప్ ఫోటో దగ్గర వచ్చింది. యాభై మంది చర్చి మెట్ల మీద నిలబడ్డారు. వాళ్ళందరూ పట్టాలంటే నేను వంతెన దాటి, చర్చి ముందు నుంచీ పారే కాలువ అవతలి గట్టుకి వెళ్ళాలి. వెళ్ళాను. నా కేకలు వాళ్ళకి అందవు. ముందే నంబరు తీసుకున్న పాస్టర్ గారికి ఫోన్ చేశాను. ఆయన నేను చెప్పింది చెప్పినట్టు చర్చి మైకులో వినిపించారు.

"మేడమ్ గారు పెళ్ళికొడుకు మేనమామ గారిని కొంచెం పక్కకి జరగమంటున్నారు... ఇంకా జరగమంటున్నారు... పొట్ట లోపలికి పీల్చమంటున్నారు."

ఊరంతా విన్నది. మెట్ల మీద ఒకరు నవ్వు మొదలుపెట్టారు, అది రెండో మెట్టుకి పాకింది. సువార్త నవ్వాపుకోలేక మొగుడి భుజం పట్టుకుంది. బటన్ నొక్కాను. కార్డు ఫుల్.

పాస్టర్ గారు మైకులో, "ఎవరూ కదలొద్దు, మేడమ్ గారు ఏదో నొక్కుతున్నారు," అంటున్నారు. కార్డులో పెళ్ళిది కాని ఫోటో ఒక్కటే మిగిలింది. స్క్రీన్ మీద నాకు చేప కనిపిస్తోంది, దాని తోక నుంచి జారుతున్న చుక్క కనిపిస్తోంది. పదకొండు నెలలు. వేలు ఆగింది. అవతలి గట్టున ఏసురత్నం అందరి చివర నిలబడి, తన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి ఉన్నాడు. తెలిసి వదిలాడో, తెలియకో. తుడిచేశాను. ఒక్కటే కొట్టాను. యాభై మందీ నవ్వుతుండగా, ఆ ఖాళీతో సహా.

ఒంటిగంటకి భోజనం: బిర్యానీ, గోంగూర, పెరుగు. తిన్నాక అన్నిటినీ పాస్టర్ గారి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఇంకో చోట కూడా దాచమన్నాను. ఏసురత్నం కుర్చీ దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటే చూశాడు. సూత్రం కట్టే ఫోటో దగ్గర ఆగిపోయాడు. మొహాలు లేవేమిటని అడుగుతాడేమోనని తర్వాతి ఫోటో నొక్కబోయాను.

"అచ్చం వాళ్ళమ్మ చెవేనండీ," అన్నాడు. ఆ ఒక్కటీ పెద్దది చేయించి పంపమన్నాడు.

మూడింటికి విజయవాడ బస్సు. కూర్చుని ఫోటోలు చూసుకుంటుంటే పక్కావిడ తొంగిచూసింది. "మీవాళ్ళాండీ?" అంటూ కెమెరా అందుకుంది. ఆవిడ నుంచి ముందు సీటుకి, అక్కడి నుంచి కండక్టర్‌కి. పామర్రు వచ్చేసరికి పెళ్ళికొడుకు నెమ్మదస్తుడని బస్సంతా తేల్చేసింది. అత్తగారి విషయంలో మాత్రం రెండు పక్షాలయ్యాయి. ఉయ్యూరులో దిగాల్సిన ఒకాయన చూడటం అవలేదని కంకిపాడుకి టికెట్ తీసుకున్నాడు.

హంసలదీవి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇదే. చల్లపల్లిలో ఇడ్లీ తినండి, కెమెరా మాత్రం బయటికి తీయకండి. తీశారో, ఇక సముద్రం సంగతి మర్చిపోండి. నాకైతే ఇన్నాళ్ళ తిరుగుడులో ఇంత నిండుగా గడిచిన మంగళవారం ఇంకొకటి లేదు.

కంకిపాడు దగ్గర మా ఆయన ఫోన్ చేశారు. కెమెరా అప్పటికి వెనక నుంచి రెండో వరసలో ఉంది.

"సముద్రం ఎలా ఉంది?" అన్నారు.

"తెల్లచీర కట్టుకుని, పూలు పెట్టుకుని తెగ నవ్విందండీ."

అవతల టీవీ చప్పుడు తగ్గించారు.

"ఎండలో టోపీ పెట్టుకున్నావా?" అని అడిగారు.