పెళ్లికాని ఆడపిల్లలకు మాత్రమే

1997లో నన్ను ఉత్తర చెన్నైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. పేరులో సర్జన్ ఉన్నా కత్తితో పనేమీ లేదు. ప్రభుత్వ కొలువులో డాక్టరుకు అది మొదటి మెట్టు. పొద్దున ఓపీలో కూర్చుంటే ఒంటిగంట దాకా తల ఎత్తే వీలుండేది కాదు.

బొల్లి మచ్చలకు మాత్ర మింగించి, రెండు గంటలయ్యాక మచ్చలకు ఎండ చూపించమనేవాళ్లం. నెలల తరబడి చేస్తే కొందరికి రంగు తిరిగి వచ్చేది. ఇది కాక, మచ్చ కనపడకుండా పైన పూసుకునే పేస్టు ఒకటి ఉండేది. జింకు ముద్దలో ఎరుపు, పసుపు, నలుపు పొడులు కలిపి, రోగి ఒంటిరంగుకు సరిపోయేదాకా మా ఫార్మసిస్టు నూరేవాడు. పని ఎక్కువ కాబట్టి దాన్ని పెళ్లికాని ఆడపిల్లలకే ఇవ్వాలని మా విభాగంలో ఆనవాయితీ. ఏ ఉత్తర్వులోనూ లేదు. అయినా నేను మారుమాట లేకుండా పాటించాను.

ఆ ఏడు ఆడి మాసం, అంటే తమిళుల ఆషాఢం, తగ్గింపు అమ్మకాలకు ముందు మునిరత్నం వచ్చాడు. వాషర్‌మెన్‌పేట్‌లో తరతరాలుగా ఉంటున్న తెలుగువాడు, టి. నగర్‌లో ఒక పట్టుచీరల కొట్టులో సేల్స్‌మన్. చక్కటి మనిషి. నోటి చుట్టూ, దవడ మీంచి మెడ దాకా తెల్ల మచ్చలు. మాత్రలు రాసిచ్చినా లేవలేదు. పూసుకునే మందు ఉందట, అది కావాలన్నాడు.

"అది ఆడపిల్లలకయ్యా. మగవాడివి, మచ్చ ఉంటే నీకేం?" అన్నాను.

"సార్, నేను దినామూ ఆడోళ్ల ముందర చీర భుజాన ఏసుకోని నిలబడతా. కొంగు ఎట్లా పడతాదో తిరిగి తిరిగి చూపిస్తా. దానికి ఎవురూ నవ్వరు. ఈ మచ్చ చూసి మాత్రం చీర ఆడనే పెట్టేసి పక్క కౌంటరుకి పోతారు. ఓనరు గమనిస్తానే ఉండాడు సార్."

అప్పటికి నా మీసానికి రంగు వేసుకుని రెండు రోజులైంది. అందులో ఒక్క తెల్లవెంట్రుక కనబడితే నాకు ప్రాణం చివుక్కుమనేది. నాది మగతనం కిందే జమకట్టుకున్నాను. అతను అడిగింది మాత్రం ఆడంగి వేషంలా తోచింది. మందు వాడు, ధైర్యంగా ఉండు అని చెప్పి తరువాతి రోగిని పిలిచాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆడి పోయి ఆవణి నెల పెళ్లి ముహూర్తాలు మొదలయ్యాక మళ్లీ వచ్చాడు. నేను కాదన్నాక నాటకాలకు రంగులమ్మే కొట్టులో ఏదో కొని, తనకు తోచినట్టు పూసుకున్నాడట. పెళ్లివాళ్ల ముందు మీగడరంగు పట్టుచీర భుజాన వేసుకుని చూపించి తీస్తుంటే, మెడమీది రంగంతా చీరకు అంటుకుంది. కొందరు నవ్వారు, పెళ్లికూతురి తల్లి కేకలేసింది. ఓనరు అతన్ని గోడౌన్‌కు పంపి చీరలకు చీట్లు అంటించే పని చెప్పాడు. కౌంటరు దిగినవాణ్ణి మళ్లీ ఎక్కించే అలవాటు ఆ కొట్టులో లేదట.

"మా ఆడమనిషికి కూడా చెప్పలేదు సార్. ఇంకా కౌంటర్లోనే ఉండానని అనుకుంటా ఉంది," అన్నాడు తల వంచుకుని.

ఆ రోజే మా చీఫ్ దగ్గరికి వెళ్లాను. ఇక సినిమా హీరోలంతా మన ఓపీలోనే క్యూ కడతారని ఆయన వేళాకోళం చేశారు. పేస్టు చీటీలో అవసరం అన్న చోట ఆడపిల్లలకు వివాహం అని రాస్తున్నాం, ఇతనికి ఉద్యోగం అని రాస్తానన్నాను. చీటీ తీసుకుని సంతకం పెట్టారు.

కిటికీ దగ్గర పగటి వెలుతురులో మూడు ఛాయలు దవడ మీద రాసి, కలిసిపోయినదాన్ని ఎంచుకున్నాం. పలుచగా రాసి, పౌడరు అద్ది, పది నిమిషాలు ఆగి తడిగుడ్డతో ఒత్తాలి. ఆడపిల్లలకు ఎన్నడూ తప్పని ఈ పద్ధతి అతని దగ్గర తప్పింది. మధ్యాహ్నానికి గడ్డం మొలిచి పేస్టు పెచ్చులూడింది. అంతవరకూ మేం పూసిన ముఖాల్లో గడ్డం గీసుకునేది ఒక్కటీ లేదు మరి! ఫార్మసిస్టు విసుక్కుంటూనే మరో రెండు సార్లు నూరాడు. మూడోసారి తెల్లగుడ్డతో గట్టిగా రుద్దినా మరక పడలేదు.

ఇది అంటుజాడ్యం కాదు, రంగు ఊడదు అని ఆసుపత్రి కాగితం మీద రాసిచ్చాను. ఓనరు కాగితాన్ని నమ్మలేదు. తెల్ల పట్టుచీర ఒకటి పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా మునిరత్నం మెడకు ఆనించి కప్పుకోమని, తరువాత దాన్ని వీధిలోకి తెచ్చి ఎండలో పరీక్షించాడట. ఆ వారమే అతను కౌంటరెక్కాడు.

తరువాతి పరీక్షకు వచ్చినప్పుడు గుమ్మంలోనే ఆగాడు. "బయట మా కొట్టోళ్లు ఇంకో ఇద్దరుండారు సార్. మచ్చల్లేవు, మొటిమల గుంటలు. మొదట నన్ను లిప్‌స్టిక్ అని ఎక్కిరించింది వీళ్లే. ఇప్పుడు మాకూ అడగమంటా ఉండారు."

నవ్వాపుకోలేకపోయాను. జబ్బు లేనివాళ్లకు ఆసుపత్రి పేస్టు ఇవ్వకూడదు. ఏది కొనుక్కోవాలో, ఎలా పూసుకోవాలో చెప్పి పంపాను.

వైద్యుడిగా నేను నేర్చుకున్నది ఇది: మచ్చ ఎంత మేర ఉందో కొలిచేముందు, ఆ ముఖంతో మనిషి ఎక్కడ నిలబడి బతకాలో తెలుసుకోవాలి. మునిరత్నం ఆ సంగతి నేను అడగకుండానే మొదటిరోజే చెప్పాడు. వినకపోయింది నేను, అయిదు వారాలు గోడౌన్‌లో కూర్చున్నది అతను.