ఒకే నీళ్లు, రెండు గడులు

రాజనర్సు ఏ గదిలో అడుగుపెట్టినా ముందు గోడకు అరచేయి ఆనిస్తాడు. చెమ్మ ఎంత ఎత్తు దాకా ఎక్కిందో చూస్తాడు. ఆ తర్వాతే కూర్చుంటాడు. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడూ అంతే.

సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి ఇరవై ఆరేళ్లు. కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. నవాగామ్‌లో కింది అంతస్తున ఒక గది. భార్య పద్మారాణి ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటిస్తుంది. తల్లి మల్లవ్వకు మోకాళ్లు వంగవు.

వానాకాలంలో ఖాడీ పొంగుతుంది. ఆ మురికివాగు నీళ్లు గదిలోకి వస్తాయి. పని ఇచ్చే సేఠ్ చీరల మూటలు అటకెక్కుతాయి. మల్లవ్వ మంచం కోళ్ల కింద ఇటుకలు చేరతాయి. చీర తడిస్తే సేఠ్ ఊరుకోడు, మనిషి తడిస్తే ఆరతాడు అని రాజనర్సు నవ్వేవాడు. కిందటేడు నీళ్లు మంచం నవారును తాకాయి. మల్లవ్వ పగలంతా ఆ తడిలోనే పడుకుంది. జ్వరం నెల దాకా వదల్లేదు. మరోసారి తడిస్తే బతకడం కష్టమన్నాడు డాక్టరు.

ఈసారి వానలకు ముందు వర్షిణి వచ్చింది. తెలుగు రైల్వే ఉద్యోగి కూతురు, సూరత్‌లోనే పుట్టింది. వరదల మీద పరిశోధన చేస్తోంది. పై అంతస్తులోని సాంబయ్యతో మాట్లాడి కిందికి దిగింది.

"అంకుల్, కిందటేడు మీకు వచ్చింది ముప్పా, విపత్తా?"

"రెండు ఒకటే గాదా బిడ్డా?"

"కాదు. నీళ్లు రావడం ముప్పు. అంతవరకే."

"గిట్ల ఎవరు చెప్పిన్రు?"

"విపత్తుకు పుస్తకానికో అర్థం ఉంది అంకుల్. కొందరు పోయిన ప్రాణాలను బట్టి చెప్తారు, కొందరు నష్టాన్ని బట్టి. మేం మాత్రం నీళ్లకు ఎదురుగా ఎవరున్నారు, తట్టుకునే వీలుందా అని చూస్తాం. మనిషి లేని మైదానంలో వరద పారితే అది విపత్తు కాదు."

"అయితే మా ఆయనను కూడ మైదానంల నిలవెట్టుండ్రి," అంది పద్మారాణి. "గప్పుడు తెలుస్తది."

వర్షిణి నవ్వి కాగితం చూపించింది. సాంబయ్య పేరు ఎదుట ముప్పు గడిలో గీత ఉంది. విపత్తు గడి ఖాళీ.

"ఒకటే ఇల్లు గదా!" అన్నాడు రాజనర్సు.

"ఒకటే. కానీ ఆయన పైన ఉంటారు. నీళ్లొస్తే కింద అవ్వ ఎక్కడుంటారు?"

"మంచం మీద."

"అటక మీద?"

"చీరలు."

ఆమె రాజనర్సు పేరు రాసింది. రెండు గడుల్లోనూ గీత పెట్టింది.

రాజనర్సు ఆ కాగితాన్ని అందుకుని రెండు గీతలనూ చూశాడు. వరద అంటే మొత్తంగా పైనుంచి వచ్చేది అనుకున్నాడు ఇన్నేళ్లూ. మేఘం, డ్యాం, దేవుడు. ఇప్పుడది రెండుగా విడిపోయి కనిపించింది. నీళ్లు పడుగు మాత్రమే, నిలువు పోగులు. అడ్డంగా అల్లే పేక ఈ గదిలో ఉంది. దాన్ని ఏటా తన చేతులే నేశాయి. ఒళ్లు జలదరించింది. భయం కాదు. ఇంత పెద్ద దానిలో ఒక సగం మనిషికి అందేంత దగ్గరలో ఉందని.

మర్నాడు పొద్దున ఎండ కాస్తుండగా పైకి వెళ్లాడు. వానలప్పుడు అవ్వకు ఒక మూల ఇమ్మని అడిగాడు.

"ఇన్నేండ్లు ఎందుకడగలేదు?" అన్నాడు సాంబయ్య.

కిటికీ పక్క మూల ఖాళీ చేశాడు. రాజనర్సు కిందికొచ్చి తల్లిని వీపున ఎత్తుకున్నాడు.

"వాన లేదు, గీన లేదు. ఏడికిరా?"

"జర గట్టిగ పట్టుకో అవ్వా."

మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కి, కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. మల్లవ్వ ఆయాసపడుతూ వీధిని చూసింది.

"గిక్కడ్నే ఉంచుతవా, దించుతవా?"

"దించుత. చాయ్ తాగు. వానలొచ్చేసరికి అలవాటు గావాలె. రేపు మళ్ల ఎక్కుదం."